విలేఖరిని తీసేశాక మిగిలిన కథ: ‘ఫాస్ట్ ఫుడ్ నేషన్’ పుస్తకం నుంచి తెర దాకా

సినిమాకు పనికొస్తుందేమో చూడమని ఎవరైనా ఒక పరిశోధనాత్మక పుస్తకాన్ని నా చేతిలో పెట్టినప్పుడు నేను మొదట వెతికేది ఒక్కటే: ఇందులో ఉన్న విషయాలన్నీ తెలిసిన మనిషి ఎవరు? దాదాపు ప్రతిసారీ జవాబు ఒకటే, ఆ పుస్తకం రాసిన విలేఖరి. కూలీ పడే బాధ యజమానికి తెలియదు, యజమాని దాచింది కొనేవాడికి తెలియదు, ప్రయోగశాలలో కూర్చున్నవాడికి ఈ ముగ్గురిలో ఎవరూ తెలియరు. అందరి గుమ్మాలూ తొక్కి అన్నిటినీ ఒకచోట పేర్చినవాడు విలేఖరి ఒక్కడే. అందుకే ఇలాంటి పుస్తకాన్ని సినిమా తీద్దామనగానే నిర్మాత నోట వచ్చే మొదటి మాట ‘హీరో జర్నలిస్టు’. 2006లో రిచర్డ్ లింక్‌లేటర్ దర్శకత్వంలో వచ్చిన ‘ఫాస్ట్ ఫుడ్ నేషన్’ ఆ దారిన పోలేదు. అమెరికా ఫాస్ట్ ఫుడ్ పరిశ్రమ మీద ఆ పుస్తకం రాసిన విలేఖరి ఎరిక్ ష్లాసర్ స్వయంగా సహరచయితగా కూర్చుని, తనను తాను కథలోంచి తీసేసుకున్నారు. అలా తీసేశాక ఏది నిలబడింది, ఏది కూలింది అన్నదే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ఈ సినిమాను నేను ముచ్చటపడి చూడలేదు, అవసరం వచ్చి చూశాను. కొన్నేళ్ళ క్రితం, గోదావరి జిల్లాల్లోని రొయ్యల తొక్క ఒలిచే షెడ్ల మీద వరుసగా వచ్చిన పత్రికా కథనాలను స్క్రిప్టుగా మార్చే పని నాకు వచ్చింది. ఐసులో ఉంచిన రొయ్యను గంటల తరబడి ఒలిస్తే వేళ్ళ చివర స్పర్శ మొద్దుబారుతుందని, అక్కడ పనిచేసే ఒకావిడ రాత్రి పిల్లవాడికి అన్నం కలిపేముందు వేడి ఎంతుందో ముంజేత్తో తాకి చూసుకుంటుందని ఆ కథనాల్లో చదివాను. నా మొదటి డ్రాఫ్టులో ఆవిడ ఈ సంగతిని విలేఖరికి చెబుతుంది, విలేఖరి కళ్ళు చెమరుస్తాయి. కథాచర్చల్లో కూర్చున్న అందరూ సీను బాగుందన్నారు. ఆ ప్రాజెక్టు షూటింగు దాకా పోకుండానే ఆగింది, ఒక విధంగా నా అదృష్టం. చర్చల్లో చివరి దాకా నోరు మెదపని ఒక సహాయ దర్శకుడు వెళ్ళేటప్పుడు ఈ సినిమా డీవీడీ నా చేతిలో పెట్టి, ‘ఒకసారి చూడండి సార్’ అని మాత్రం అన్నాడు.

పుస్తకంలో ఏముంది

ష్లాసర్ ఈ పనిని 1998లో ‘రోలింగ్ స్టోన్’ పత్రికకు రెండు భాగాల కథనంగా మొదలుపెట్టారు. అది పెరిగి 2001లో పుస్తకమైంది. కాలిఫోర్నియాలో మెక్‌డొనాల్డ్ సోదరులు వంటగదిని కార్ఖానా పద్ధతికి మార్చిన తీరు, ఐడహోలో జె.ఆర్. సింప్లాట్ ఆలుగడ్డ ముక్కలను గడ్డకట్టించి దేశమంతా అమ్మిన తీరు, న్యూజెర్సీలో రుచులనూ వాసనలనూ సీసాల్లో తయారుచేసే కంపెనీ, కొలరాడోలో కౌంటరు వెనక నిలబడే బడిపిల్లలు, గిట్టుబాటు కాక కుంగిపోతున్న పశుపోషకులు, కబేళాల్లో అవయవాలు పోగొట్టుకునే వలస కూలీలు, 1993లో జాక్ ఇన్ ద బాక్స్ అనే హోటళ్ళ గొలుసు హాంబర్గర్ల వల్ల 700 మందికి పైగా జబ్బుపడి నలుగురు పిల్లలు చనిపోయిన ఈ.కోలై బాక్టీరియా విపత్తు, ఇవన్నీ ఒకే అట్టల మధ్య ఉంటాయి.

వీటన్నిటినీ కలిపి కట్టిన తాడు ఒక అంకె. చికాగో పాత కబేళాల్లో గంటకు 50 పశువులను కోసేవారని, పుస్తకం రాసే నాటికి కొన్ని ప్లాంట్లలో ఆ సంఖ్య 400 దాకా చేరిందని ష్లాసర్ రాశారు. కోసిన పశువును మనుషుల ముందుకు జరిపే బెల్టు వేగం అంత పెరిగితే పక్కపక్కనే నిలబడి కత్తులు ఆడించే మనుషులు తమనో పక్కవాణ్ణో కోసుకుంటారు. అదే వేగం వల్ల పేగులు తీసే చేయి తొందరపడుతుంది, పేగు చిట్లుతుంది, లోపలిది మాంసం మీద పడుతుంది, తిన్నవాడికి జబ్బు చేస్తుంది. కూలీ గాయానికీ, వేల మైళ్ళ అవతల బర్గర్ తిన్న పసివాడి జ్వరానికీ కారణం ఒకటే. కథ రాసేవాడికి ఇంతకంటే గట్టి ఇరుసు దొరకదు. అయితే పుస్తకంలో ఆ రెండింటినీ కలిపేది వాదన. వాదనకు ముఖం ఉండదు, దానికి ఎవరినో నటించమని అడగలేం.

పేర్ల చిక్కు దీనికి తోడైంది. పుస్తకంలో కంపెనీలు అసలు పేర్లతోనే ఉన్నాయి, ఎందుకంటే అచ్చులో ప్రతి వాక్యం కిందా ఆధారం చూపించవచ్చు. కల్పిత పాత్ర నోట వచ్చే మాటకు అధోజ్ఞాపిక పెట్టలేం. పైగా అమెరికాలో అనేక రాష్ట్రాల్లో ఆహారపదార్థాల పరువు తీశారంటూ దావా వేయడానికి వీలిచ్చే చట్టాలున్నాయి. గొడ్డుమాంసం గురించి తన టీవీ కార్యక్రమంలో వచ్చిన మాటలకు ఓప్రా విన్‌ఫ్రే అంతటి ఆమె 1998లో టెక్సస్‌లోని అమరిల్లో కోర్టులో నిలబడి గెలవవలసి వచ్చింది. లింక్‌లేటర్‌దీ టెక్ససే. సినిమాలో హోటళ్ళ గొలుసు పేరు ‘మికీస్’, దాని పేరుమోసిన బర్గర్ ‘ది బిగ్ వన్’, మాంసం సరఫరా చేసే కంపెనీ ‘యూనిగ్లోబ్’. ఇందులో లాయర్ల జాగ్రత్త ఎంత ఉన్నా, నాకు కనిపించిన లాభం వేరు. అసలు పేరు వాడితే ప్రేక్షకుడు ఆ ఒక్క కంపెనీని బోనులో నిలబెట్టి తాను పక్క దుకాణానికి పోతాడు. లేని కంపెనీని బోనెక్కించలేడు కనుక పద్ధతినే చూడక తప్పదు.

డాక్యుమెంటరీ తీస్తే సరిపోయేది కదా అనేవారున్నారు. ఆ దారీ పనిచేసింది: 2004లో ‘సూపర్ సైజ్ మీ’ వచ్చింది, ఈ సినిమా తర్వాత ష్లాసర్ సహనిర్మాతగా 2008లో వచ్చిన ‘ఫుడ్, ఇంక్.’ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. కానీ కాగితాలు లేకుండా సరిహద్దు దాటి వచ్చిన ఆడమనిషి, ఉద్యోగం కోసం సూపర్‌వైజరుకు ఏం ఇచ్చుకోవలసి వచ్చిందో కెమెరా ముందు ముఖం చూపించి చెప్పదు. చెప్పమని అడగడం కూడా అన్యాయమే. కల్పన అవసరమైంది అక్కడ.

ఒక ఊరు, మూడు దారులు

పుస్తకంలో కౌంటరు పిల్లలది కొలరాడో స్ప్రింగ్స్, కబేళాది గ్రీలీ. డెన్వర్‌కు ఒకటి దక్షిణాన, ఒకటి ఉత్తరాన ఉంటాయి. సినిమా రెండింటినీ కలిపి కోడీ అనే లేని ఊరిని కట్టింది. ఆ ఊరికి మూడు దారుల్లో మనుషులు వస్తారు. కాలిఫోర్నియాలోని ప్రధాన కార్యాలయం నుంచి మార్కెటింగ్ అధికారి డాన్ యాండర్సన్ (గ్రెగ్ కినియర్) వస్తాడు. తమ మాంసంలో పశువుల మలం ఉందని పరీక్షల్లో తేలితే నిజం కనుక్కురమ్మని పంపుతారు. మెక్సికో నుంచి సిల్వియా (కాతలీనా సాందీనో మోరెనో), ఆమె చెల్లెలు కోకో, సిల్వియా మనిషి రౌల్ దొంగదారిన వస్తారు. మూడో మనిషి ఆంబర్, ఆ ఊరి పిల్లే. చదువుకుంటూ మికీస్ కౌంటరులో నిలబడుతుంది.

మామూలుగా ఇలా మొదలైన కథలో ఈ ముగ్గురూ ఎక్కడో ఒకచోట కలవాలి, కలిశాక నిజం బయటపడాలి. మన కథాచర్చల్లోనైతే ఆ కలిసే సీనే ఇంటర్వెల్. ఇక్కడ కలవరు. ఒకరి పక్కనుంచి ఒకరు వెళ్ళిపోతారు, అంతే. విలేఖరి తలలో ఒకచోట ఉన్న జ్ఞానాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరి దగ్గర ఉంటే ఏ ఉపయోగమూ ఉండదో వారికే ఇచ్చారు. డాన్‌కు మాంసం సంగతి తెలుస్తుంది గాని అతనికి ఇల్లూ ఉద్యోగమూ ఉన్నాయి. సిల్వియాకు లోపల ఏం జరుగుతుందో కళ్ళారా తెలుసు, అయితే ఆమె మాట ఎవరికీ అక్కర్లేదు. ఆంబర్‌కు కోపం ఉంది గాని చూసిందేమీ లేదు. ఈ అనుసరణలో నాకు అన్నిటికంటే విలువైన నిర్ణయంగా కనిపించింది ఇదే.

దగ్గరగా చూడదగిన మార్పు ఒకటుంది. పుస్తకంలో ష్లాసర్ న్యూజెర్సీ కంపెనీకి వెళ్తారు. ఒక సన్నటి తెల్లకాగితపు పట్టీని ముక్కు దగ్గర పెడతారు. కళ్ళు మూసుకుంటే ఎక్కడో బర్గర్ కాలుతున్న వాసన, తెరిస్తే కాగితం. అది చదివేవాడు విలేఖరితోపాటు ఉలిక్కిపడతాడు. సినిమాలో అదే పట్టీని డాన్ వాసన చూస్తాడు, ఉలిక్కిపడడు. అతనికి అది ఉద్యోగంలో భాగం, బట్టల కొట్టులో అంచు తడిమి చూసినంత మామూలు వ్యవహారం. విలేఖరికి ఆశ్చర్యమైనది ఆ లోకంలో మనిషికి అలవాటు, ఆశ్చర్యపడే పని ప్రేక్షకుడికి వదిలేశారు. నా రొయ్యల స్క్రిప్టులో నేను చేసిన తప్పు ఈ సీను చూశాకే అర్థమైంది. ఆవిడ ముంజేత్తో అన్నం తాకి చూస్తే చాలు. ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఎవరూ ఏడవనక్కర్లేదు.

నోటితో చెప్పిన సీన్లు

అంత తెలిసిన రచయితలే మరో మూడు చోట్ల పుస్తకాన్ని యథాతథంగా నోళ్ళలోకి ఒంపారు. ప్లాంటులో తనకు శుభ్రమైన భాగమే చూపించారని అనుమానం వచ్చిన డాన్, రూడీ అనే వృద్ధ పశుపోషకుడి (క్రిస్ క్రిస్టాఫర్సన్) ఇంటికి వెళ్తాడు. రూడీ, ఆ ఇంట్లో పనిచేసే మనిషీ కలిసి బెల్టు వేగం సంగతి చెబుతారు. తర్వాత మికీస్ తరఫున మాంసం కొనుగోళ్ళు చూసే హ్యారీ రైడెల్ (బ్రూస్ విల్లిస్) బర్గర్ తింటూనే, ఇదేమీ కొత్త సంగతి కాదని, బాగా కాలిస్తే సరిపోతుందని వివరిస్తాడు. ఇంకోచోట ఆంబర్ మామయ్య పీట్ (ఈథన్ హాక్) మేనకోడలికి ఊరి సంగతీ, ధిక్కారం సంగతీ బోధిస్తాడు. ముగ్గురూ మంచి నటులు, సంభాషణల్లో చమత్కారమూ ఉంది. అయినా ఆ కాసేపూ సినిమా కుర్చీలో కూర్చుంటుంది. రూడీ నోట వచ్చినప్పుడు బెల్టు వేగం సమాచారమే. అదే వేగం రౌల్ పనిచేసే చోట కథ అయిపోతుంది, అక్కడ ఎవరూ దాని పేరెత్తకపోయినా.

హ్యారీ సీను మాత్రం పూర్తిగా తీసిపారేయదగింది కాదు, ఎందుకంటే అతను తింటున్నాడు. మాటకు విరుద్ధంగా చేయి పనిచేస్తున్నంతసేపు ఉపన్యాసం కూడా నడుస్తుంది. ఈ సీనును తెలుగులో రాయవలసి వస్తే మాంసంలో కలిసిన ఆ అశుద్ధానికి ఏ మాట వాడతామని మిత్రులం ఒకసారి వాదించుకున్నాం. ‘పేడ’ అంటే కుదరదు. కళ్ళాపిలో కలిపి వాకిట్లో చల్లుకునే వాళ్ళం, పిడకలు చేసుకునే వాళ్ళం; పేడ మనకు తిట్టు కాదు, జుగుప్స కూడా అంతగా కలగదు. ‘మలం’ అంటే ల్యాబ్ రిపోర్టు చదివినట్టుంటుంది. ‘పెంట’ ఒక్కటే ఆ బరువును మోస్తుంది: వస్తువునూ చెబుతుంది, చేసిన పనినీ తిడుతుంది. ఇక డబ్బు కోసం దిగజారినవాణ్ణి మనం ‘గడ్డి తిన్నాడు’ అంటాం. గడ్డి తినే పశువును కోసి అమ్మేవాడి కథలో ఆ నుడికారం ఎంత చక్కగా అమరుతుందో రాసేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆంబర్ భాగం బలహీనమని చాలామంది అన్నారు, నేనూ చాలావరకు అంతే అంటాను. తోటి పిల్లలు హోటలును దోచుకుందామని మాట్లాడుకుంటారు, ఆ దోపిడీ జరగదు. పుస్తకంలో ఇలాంటి హోటళ్ళలో దొంగతనాల గురించి రాసిన పుటలకు ఇది నీడ మాత్రమే. కానీ ఒక్క సీను ఉంది. ఆంబర్, ఆమె కొత్త స్నేహితులు రాత్రివేళ కంచె కత్తిరించి పశువులను విడిపించబోతారు. కంచె తెగుతుంది. పశువులు కదలవు. ఎంత అదిలించినా అక్కడే నిలబడి చూస్తాయి. పుస్తకంలో ఏ పుటకూ సరిపోలని సీను ఇది; అయినా పుస్తకమంతా చదివితే గాని పుట్టని సీను.

చేతులతో చెప్పిన సీన్లు

రౌల్‌కు ప్లాంటులో శుభ్రం చేసే పని దొరుకుతుంది. రాత్రి షిఫ్టుల్లో క్లోరిన్ కలిపిన సలసలకాగే నీటిని గొట్టాలతో కొడుతుంటే లేచే ఆవిరిలో ఐదడుగుల అవతలి మనిషి కూడా కనిపించడని ష్లాసర్ పుస్తకంలో వర్ణించారు. తెర మీద అది తెల్లటి పొగ, దాంట్లో ముసుగేసుకున్న ఆకారాలు. అంకె లేదు, వివరణ లేదు, భయం మాత్రం మిగిలింది. యంత్రం దగ్గర ఒకడి కాలు నలిగిపోతుంది, వాణ్ణి కాపాడబోయి రౌల్ దెబ్బతింటాడు. రౌల్ మత్తుమందు తీసుకుని పనిలోకి వచ్చాడని ఆసుపత్రిలో సిల్వియాకు చెబుతారు. కంపెనీ బాధ్యత అక్కడితో తీరిపోతుంది. గాయపడిన కూలీలను ప్లాంట్లు వదిలించుకునే తీరు గురించి పుస్తకంలో పుటలకు పుటలున్నాయి. వాటన్నిటినీ ఆసుపత్రిలో అన్న ఒక్క మాటలో ఇమిడ్చారు.

సగం దూరం వచ్చేసరికి డాన్ దాదాపు మాయమవుతాడు. నిజం తెలుసుకున్నాడు, సామాను సర్దుకున్నాడు, వెళ్ళిపోయాడు. చివర్లో మళ్ళీ కనిపించేసరికి ఉద్యోగం చేసుకుంటూనే ఉంటాడు. పోస్టరు మీదున్న మనిషి ఇంటర్వెల్‌కే ఊరు దాటితే మన దగ్గర పంపిణీదారు అడ్వాన్సు వెనక్కి అడుగుతాడు. అక్కడా ప్రేక్షకులు మెచ్చలేదనుకుంటాను. నాకు మాత్రం ఇది సినిమా మొత్తంలో నిజాయితీ గల కథన నిర్ణయం. చాలామంది విలేఖర్లు కూడా అలాగే వస్తారు, వెళ్తారు. ఊళ్ళో మిగిలేది సిల్వియాలు. ఆ శూన్యంలోకి ఆమె కథ వచ్చి కూర్చుంటుంది.

ప్లాంటును మొదటిరోజే చూసి వద్దనుకున్న సిల్వియా హోటల్లో గదులు ఊడ్చే పనిలో చేరింది. రౌల్ మంచాన పడ్డాక వేరే దారి లేదు. చెల్లెలిని అప్పటికే వాడుకుంటున్న సూపర్‌వైజరు మైక్ (బాబీ కన్నవాలే) దగ్గరకే వెళ్ళి, అతను అడిగిన వెల ఇచ్చి ఉద్యోగం తెచ్చుకుంటుంది. ఇచ్చిన పని ఏమిటంటే, కోసిన పశువుల లోపలినుంచి మూత్రపిండాలు పీకడం. అక్కడికి చేరాలంటే కోత జరిగే చోటు దాటి వెళ్ళాలి. మెక్సికోలోని నిజమైన కబేళాలో తీసిన దృశ్యాలివి: పశువు నుదుట దెబ్బ, మెడ కోత, చర్మం ఒలవడం, నేలంతా నెత్తురు. ఎలా లాగాలో ఒకరు చూపిస్తారు. ఆమె నేర్చుకుంటుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటాయి, చేతులు ఆగవు.

పుస్తకంలో ష్లాసర్ ఒక కబేళాను వెనకనుంచి ముందుకు నడుస్తారు: డబ్బాల్లో సర్దే చోట మొదలై, ముక్కలు చేసే బెల్టు దాటి, ప్రతి పది సెకన్లకు ఒక పశువు మెడ కోసే మనిషి దాకా. సినిమా నిడివి మొత్తాన్నీ ఆ నడక క్రమంలోనే పేర్చారని రెండోసారి చూసినప్పుడు గమనించాను. డాన్‌కు చూపించిన తెల్లటి గది మొదట్లో ఉంది, నెత్తుటి నేల చివర ఉంది. ఒక అధ్యాయంలోని నడక రెండు గంటల కథకు వెన్నెముక అయింది. నడిచే మనిషి మాత్రం మారాడు. నోటుపుస్తకం పట్టుకున్నవాడు సాయంత్రానికి బయటికి వస్తాడు, సిల్వియా రేపు మళ్ళీ లోపలికి వెళ్ళాలి.

మన దాకా వచ్చిన ఒక పుట

సినిమా వదిలేసిన వాటిలో తెలుగు పాఠకుడు వెంటనే పసిగట్టేది ఒకటుంది. మెక్‌డొనాల్డ్స్ ఆలూ ఫ్రైలకు ఆ రుచి ఎలా వచ్చిందో ష్లాసర్ పరిశీలించారు: 1990 దాకా గొడ్డుకొవ్వు కలిపిన నూనె, తర్వాత శాకనూనె, అయితే గొడ్డుమాంసం నుంచి వచ్చిన రుచిపదార్థం మాత్రం కొనసాగింది. శాకాహారమనుకుని తిన్న హిందువులు, ఇతర శాకాహారులు 2001లో సియాటిల్‌లో దావా వేశారు. కంపెనీ క్షమాపణ చెప్పి 2002లో కోటి డాలర్లకు రాజీపడింది. అప్పటికే అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో ఇది ఎంత గొడవ రేపిందో అక్కడి బంధువులున్నవారికి గుర్తుండే ఉంటుంది. నా మటుకు ఆ ఒక్క పుటతో పూర్తి తెలుగు సినిమా రాయవచ్చు: వారం వారం ఫ్రైలు తిన్న తాతగారు, కొనిపెట్టిన మనవడు, పేపర్లో వార్త. లింక్‌లేటర్ దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకుని ఉంటే నాలుగో దారి అయి కథ ఇంకా చెదిరేది.

ఫలితం

2006 మేలో కాన్ చిత్రోత్సవం పోటీ విభాగంలో ప్రదర్శించారు, నవంబరులో అమెరికాలో విడుదల చేశారు. అక్కడ వసూళ్ళు పది లక్షల డాలర్ల దగ్గరే ఆగిపోయాయి. లక్షల ప్రతులు అమ్ముడైన పుస్తకానికి ఇది చిన్న లెక్క. సరిగ్గా వందేళ్ళ ముందు, 1906లో, అప్టన్ సింక్లెయిర్ చికాగో కబేళాల కూలీల మీద నవల రాస్తే జనం కూలీలను వదిలి మాంసాన్ని పట్టుకున్నారు, అదే ఏడాది మాంసం తనిఖీ చట్టం వచ్చింది. ఈ సినిమా మాంసంతో మొదలై కూలీ దగ్గరకు వెళ్ళి ఆగింది, ఏ చట్టమూ రాలేదు. బహుశా ఆ క్రమమే టిక్కెట్లు తెగనివ్వలేదేమో. జబ్బు భయంతో వచ్చినవాడికి చివర సిల్వియా కన్నీళ్ళు దొరికాయి, అతను అడిగింది అది కాదు.

చివరి దృశ్యాల్లో మొదట సిల్వియావాళ్ళను సరిహద్దు దాటించిన దళారే (లూయీస్ గుజ్మాన్) మళ్ళీ కొత్త మనుషులను తెస్తాడు. వాళ్ళలో పిల్లలున్నారు. దారిలో తినడానికి వాళ్ళ చేతికి మికీస్ పొట్లాలు ఇస్తాడు. పిల్లలు సంతోషంగా విప్పుకుంటారు.

రొయ్యల కథ ఈ మధ్య మళ్ళీ నా బల్ల మీదకు వచ్చింది, వేరే నిర్మాణ సంస్థ ద్వారా. సీన్ల వరుస రాసుకునే వన్‌లైన్ ఆర్డరులో ఇప్పుడు విలేఖరి లేడు. 62 సీన్లలో ఎవరో ఒకరు కూర్చుని వివరించేవి ఇంకా 7 ఉన్నాయి. నాలుగింటికి చేతికేదో పని పెట్టగలిగాను, మూడింటి దగ్గర ఆగాను.